అరవెంట్రుక సందు

షెడ్డు,
వానలు మొదలైన వారం

మామయ్యకి నమస్కారాలు.

నువ్వు వెళ్ళి నిన్నటికి మూడు నెలలు. ఈ మూడు నెలల్లో నీ దగ్గర నుంచి వచ్చింది ఒకే ఒక్క కార్డు. "చేరాను. గది బాగుంది. పంపు పెద్దది. క్షేమం." పంపు ఎంతుందో చెప్పడానికి చోటు దొరికింది గాని, నేనెలా ఉన్నానని అడగడానికి దొరకలేదు నీకు. ఆ కొండమీద ఫోను పలకదట కదా, అందుకే ఈ కాగితం. వారానికోసారి మీకు డీజిలు తెచ్చే లారీ డ్రైవరు ఉత్తరాలు మోస్తానని ఒప్పుకున్నాడు. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు.

అమ్మ బాగుంది. "మీ మామకి పెళ్ళీ లేదు, పెటాకులూ లేవు. ఉన్న ఒక్క షెడ్డునీ నీ నెత్తిన పడేసి పోయాడు" అని రోజుకొకసారైనా అనకపోతే అమ్మకి అన్నం సయించదు. షెడ్డు మాత్రం నడుస్తోంది. బ్రేకులు, చైన్లు, కార్బురేటర్లు చేస్తున్నాను. ఇంజిన్ పని వస్తే వేరే చోటికి పంపేస్తున్నాను.

అసలు సంగతికి వస్తాను. పశువుల డాక్టరమ్మ ఆసుపత్రి నుంచి వచ్చేసింది. తొడ ఎముక అతుక్కుంది. చేతికర్ర పట్టుకుని మన షెడ్డు దాకా నడిచొచ్చి, "నా బండి ఎప్పుడిస్తావమ్మా?" అంది. మనం కొత్త పిస్టన్ వేసి ఇచ్చిన పదకొండో రోజున నడిరోడ్డు మీద బిగుసుకుపోయి ఆవిణ్ణి కాలవలో పడేసిన బండి అది. దాని గురించి ఏం చెప్పను? "మామయ్యని అడిగి చెప్తానండీ" అన్నాను.

ఆ ఇంజిన్ నువ్వు పెట్టినచోటే ఉంది. ప్రమాదం జరిగిన మర్నాడు దాన్ని బండి నుంచి దింపి, అంటుకున్న బురద కూడా తుడవకుండా ఇనప బీరువాలో పెట్టి తాళం వేశావు. విప్పి చూడనైనా చూడలేదు. తాళంచెవి జేబులో వేసుకుని, వారం తిరక్కుండా ఆ పంపుహౌస్ ఉద్యోగానికి వెళ్ళిపోయావు.

తాళంచెవి పంపించు మామయ్యా. నేను విప్పుతాను.

నీ మేనకోడలు


పంపుహౌస్

చిరంజీవి మేనకోడలికి,

నీ ఉత్తరం అందింది. డాక్టరమ్మ లేచి నడుస్తోందని చదివి చాలా సంతోషించాను. నా నమస్కారాలు చెప్పు.

బండి విషయం. ఆ ఇంజిన్ విప్పడానికి వీల్లేదు. పాత సామాను కొనేవాడికి బీరువాతో సహా ఇచ్చెయ్యి. ఆవిడ బండికి ఇంకెవరి చేతనైనా వేరే ఇంజిన్ వేయించు. మన చేత్తో వద్దు. ఇందులో చర్చ లేదు.

నువ్వు ఇంజిన్ పని పంపేస్తున్నావని రాశావు. మంచి పని చేస్తున్నావు. అలాగే కానియ్యి.

రాత వంకరగా ఉందనుకోకు. గదిలో వెలుతురు తక్కువ.

మామయ్య


షెడ్డు,
గురువారం, టీ వేళ

మామయ్యా,

తాళం ముట్టుకోలేదు. ఒట్టు. బీరువా తలుపు మడతబందులకి ఉన్న ఆరు స్క్రూలు విప్పాను. తలుపు దానంతటదే ఊడొచ్చింది. నీ తాళం చెక్కు చెదరకుండా ఆ తలుపుకే వేళ్ళాడుతోంది. కావాలంటే వచ్చి చూసుకో.

తిట్టుకో, కానీ ముందు చదువు. హెడ్డు తీశాను. సిలిండర్ బ్లాకు రానని మొండికేసింది. చుట్టూ చెక్కసుత్తితో తడుతూ పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా బతిమాలితే వచ్చింది. పిస్టన్ ముందువైపూ వెనకవైపూ రెండు వేళ్ళ మేర కరిగి గోడకి పూసుకుపోయింది. రింగులు గాడిలోనే ఇరుక్కుపోయాయి. పిన్ను ఉన్న పక్కలు మాత్రం బాగానే ఉన్నాయి. చూసి కాసేపు బల్ల మీద కూలబడ్డాను.

ఎందుకు కూలబడ్డానో ఇప్పుడు చెప్తాను. మూడు నెలలుగా గొంతులో ఇరుక్కున్న మాట ఇది.

ఇంజిన్ బిగించిన ఆ రోజు నువ్వు సిలిండర్ బోర్ లోపలి గోడని రాళ్ళతో సానబట్టి, హోనింగ్ ముగించి, బ్లాకు కడగమని నా చేతికిచ్చావు. హోనింగ్ రాళ్ళ పొడి బోర్ గీతల్లో దాక్కుంటుందనీ, వేడినీళ్ళూ సబ్బూ పెట్టి మూడుసార్లు కడిగి, తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డకి మరక అంటకూడదనీ నువ్వు నాకు వందసార్లు చెప్పి ఉంటావు. నేను రెండుసార్లే కడిగాను. గుడ్డకి కొంచెం బూడిదరంగు అంటింది. సినిమాకి టిక్కెట్లు తీసి నా స్నేహితురాలు సందు చివర నిలబడి ఉంది. "అయిందా?" అని నువ్వడిగితే "అయింది" అన్నాను.

నువ్వు నీ పని మీద అనుమానంతో వెళ్ళిపోయావని అందరూ అనుకుంటున్నారు. అనుమానం రావాల్సింది నా మీద. డాక్టరమ్మ కర్ర టకటకలాడిస్తూ వస్తుంటే ఆ చప్పుడు నా పళ్ళల్లో వినిపిస్తోంది.

నువ్వు ఒక్కమాట రాయి. ఆ పొడి వల్లేనా?

చిట్టి


పంపుహౌస్

ఒసేయ్ మొండిదానా,

తలుపు ఊడబీకడానికి నీకెన్ని గుండెలే? నీ ఉత్తరం చదివి కాగితం ఉండచుట్టి మూలకి విసిరాను. మళ్ళీ వెళ్ళి తెచ్చుకుని, ఎండలో కంటికి ఆనించుకుని చదివాను. మళ్ళీ విసిరాను. లారీ డ్రైవరు చూసి, "ఏంటండీ, వ్యాయామమా?" అన్నాడు.

ముందు నీ ప్రశ్నకి జవాబు. కాదు. ఆ పొడి వల్ల కాదు. పొడి ఉండిపోతే పిస్టన్ చుట్టూ సన్నటి నిలువు గీతలు పడతాయి, దువ్వెనతో దువ్వినట్టు. రింగులు అరిగి బండి పొగ కక్కుతుంది. అది కూడా రెండు మూడు నెలలకి. పదకొండో రోజున కరిగి పూసుకుపోదు. సగం కడిగి సినిమాకి పోయినందుకు నిన్ను వచ్చినప్పుడు తిడతాను, అది వేరే లెక్క. కానీ డాక్టరమ్మ కాలు నీ వల్ల విరగలేదు. ఈ వాక్యం ఇంకోసారి చదువుకో.

ఇక నాది. నువ్వు చెప్పావు కాబట్టి నేనూ చెప్పాలి.

నాకు కళ్ళు కనబడటం లేదు చిట్టీ. ఏడాదిన్నరగా. ఎడమకన్ను ముందు పొగమంచు పట్టింది, తర్వాత కుడికన్నూ అదే దారి. నీకు తెలియనివ్వలేదు. "అద్దాలు మురికయ్యాయి, ఆ అంకె చదవ్వే" అని నీ చేత చదివించుకునేవాణ్ణి గుర్తుందా? అద్దాలకేం మురికి లేదు. డాక్టరమ్మ ఇంజిన్ రోజున నువ్వు మార్కెట్టుకి వెళ్ళావు. బోర్ కొలిచే డయల్ గేజ్ ముల్లు నాకు కనబడలేదు. నువ్వొచ్చేదాకా ఆగాల్సింది. ఆగలేదు. పిస్టన్‌ని బోర్‌లోకి వదిలి, పక్కన సన్న రేకు పెట్టి లాగి, వేళ్ళకి తెలిసిన బిగువు బట్టి సరిపోయిందనుకున్నాను. పిస్టన్‌కీ గోడకీ మధ్య అరవెంట్రుక మందం సందు ఉండాలి. అది పావు వెంట్రుక అయితే, వేడెక్కిన పిస్టన్ ఉబ్బి గోడని పట్టేసుకుంటుంది. నువ్వు రాసినదీ అచ్చం అలాగే ఉంది. నలభై ఏళ్ళ పనివాణ్ణి, గుడ్డివాడినని ఒప్పుకోలేక ఒక మనిషి కాలు విరగ్గొట్టాను. అందుకే విప్పి చూడలేదు. చూస్తే ఆ సంగతి నాకు రుజువుతో సహా తెలిసిపోతుందని భయం.

ఇక్కడ కూడా పంపు మీటరు ముల్లు కనబడదు. చప్పుడు విని అంకె వేస్తున్నాను. ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు.

ఎలాగూ విప్పావు కాబట్టి రెండు చూడు. ఒకటి, బోర్ అడుగున రింగులు చేరని చోట గోడ చెడి ఉండదు. అక్కడ కొలువు. పిస్టన్ మీద బాగున్న చోట కొలిచి తేడా తియ్యి. నీ ఒక్క కొలత చాలదు, లేత్ మేస్త్రి చేత కూడా కొలిపించు. రెండు, కనెక్టింగ్ రాడ్ కింది చివర, క్రాంకుని పట్టుకునే చోట, ఏ రంగులో ఉందో చూడు. సందు తక్కువైతే కాలేది పిస్టన్ ఒక్కటే. రాడ్డు అడుగు మామూలు ఇనప రంగులోనే ఉంటుంది. అలాగే ఉంటుందని నాకు తెలుసు. అయినా చూసి రాయి.

మామయ్య


షెడ్డు,
ఆదివారం. షట్టరు దించుకుని రాస్తున్నాను

మామయ్యా మామయ్యా,

నీలం! రాడ్డు అడుగు నెమలికంఠంలా నీలంగా మాడిపోయి ఉంది. బేరింగు వేలితో తిప్పితే ఇసక నమిలినట్టు కరకరలాడుతోంది. హెడ్డులో వాల్వులు తెరిచే క్యాం కూడా పొడిపొడిగా గీరుకుపోయి ఉంది. పైనా కిందా అంతా ఎండిపోయింది మామయ్యా. ఒక్క పిస్టన్ కాదు, ఇంజిన్ మొత్తం నూనె చుక్క లేక గొంతెండి చచ్చింది.

కొలతలు విను. నేను కొలిస్తే సందు అరవెంట్రుక. లేత్ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళి, ఎవరిదో చెప్పకుండా కొలవమన్నాను. ఆయన రెండుసార్లు కొలిచి, "ఇంత నికార్సుగా ఎవరు పెట్టారు? మీ మామ పెట్టిందేనా?" అన్నాడు. నేను బయటికొచ్చి గోడవైపు తిరిగి ఏడ్చాను. నీ కళ్ళు చూడలేనిది నీ వేళ్ళు చూశాయి.

మరి నూనె ఎటు పోయినట్టు? అప్పుడు ఇంజిన్‌ని తిరగేసి, అడుగున గడ్డకట్టిన బురదని చెక్కముక్కతో గీకాను. పెచ్చులు పెచ్చులుగా ఊడింది. నూనె ఉండే గిన్నె మీద నా చిటికెనవేలంత పొడుగున పగులు. దాని చుట్టూ లోపలికి సొట్ట. ఏదో గట్టిగా తగిలింది.

డాక్టరమ్మ ఇంటికి పరిగెత్తాను. వరండాలో కూచుని ఎవరి కుక్కపిల్లకో కట్టు కడుతోంది.

"డాక్టరమ్మా, బండి అడుగున దేనికైనా తగిలిందా?" అన్నాను.

ఆవిడ చేతిలో కట్టు ఆగిపోయింది.

"మీ మామయ్యకి చెప్పావా?"

"ఏం చెప్పాలండీ?"

"వాగు దారిన వెళ్ళానమ్మా. కొత్త పిస్టన్, రెండు వారాలు రాళ్ళదారి వద్దు, మెల్లగా పొమ్మన్నాడాయన. ఆ రోజు ఒక ఆవు ఈనలేక పొద్దుటి నుంచి అవస్థ పడుతోందని కబురొచ్చింది. రోడ్డు మీద పోతే గంట పడుతుంది. వాగులోంచి దింపేశాను. మధ్యలో అడుగున ఠంగుమంది. దిగి చూడలేదు. తిరుగు ప్రయాణంలో బిగుసుకుంది."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?"

"ఆసుపత్రిలో ఉన్నప్పుడే చెబుదామని కబురు చేశాను. అప్పటికే ఆయన వెళ్ళిపోయాడన్నారు. మాట వినని దానితో మాట్లాడటం ఇష్టం లేక వెళ్ళాడనుకున్నా. నీతో చెప్పడానికి మొన్న వచ్చా. నీ మొహం చూస్తే నోరు రాలేదు. ఇంత కష్టపడి చేసిచ్చిన ఇంజిన్ పాడు చేశానే అని సిగ్గేసింది."

చూశావా! మూడు నెలలుగా ముగ్గురం తలా ఒక నేరం నెత్తిన పెట్టుకుని, ఒకరి కంట ఒకరం పడకుండా తప్పుకు తిరుగుతున్నాం. నేను నవ్వడం మొదలుపెడితే ఆవిడా నవ్వింది, కాలు నొప్పెట్టి "అమ్మా" అంటూ నవ్వింది. కుక్కపిల్ల సగం కట్టుతో పారిపోయింది.

అన్నట్టు ఆవుకీ దూడకీ ఏం కాలేదట. దూడ ఇప్పుడు పరుగులు పెడుతోందట.

వచ్చెయ్ మామయ్యా.

చిట్టి


పంపుహౌస్

చిట్టీ,

నీ ఉత్తరం ఈసారి లారీ డ్రైవరు చేత చదివించుకున్నాను. నాకు నీ రాత కనబడక కాదు. కాదు, అబద్ధం ఎందుకు, కనబడకే. "నీలం" దగ్గరికి రాగానే ఆపమన్నాను. బయటికెళ్ళి పంపు వెనకాల కూచున్నాను. కాసేపటికి అతనొచ్చి, "మిగతాది వినరా మరి?" అన్నాడు. మిగతాది విన్నాక అతనూ నా పక్కనే కూలబడ్డాడు. ఛాతీ మీంచి రుబ్బురోలు దించినట్టుంది. ఆ పూట రెండుసార్లు వడ్డించుకుని అన్నం తిన్నాను.

డాక్టరమ్మకి చెప్పు: ఆవు అవస్థ పడుతుంటే నేనైనా వాగులోంచే పోయేవాణ్ణి.

ఇప్పుడు పని. ఆవిడ బండికి ఆవిడ ఇంజినే వెయ్యాలి. నువ్వే వెయ్యాలి. నేను రాను, ఎందుకో అడక్కు. కళ్ళు లేని మనిషి షెడ్డులో చెయ్యిపెట్టకూడదు. ఈసారి వేళ్ళు నిలబెట్టాయి, మళ్ళీసారి సంగతేంటి?

పగులుని వెల్డింగ్ మేస్త్రి చేత అతికించి, లోపల కిరసనాయిలు పోసి ఒక పూట ఉంచు. చెమ్మ రాకూడదు. రాడ్డూ బేరింగులూ కొత్తవి వెయ్యి. పెద్ద సైజు పిస్టన్ తెచ్చి, లేత్ మేస్త్రి చేత బోర్ చేయించు. పిస్టన్ పట్టేదానికి ఒక్క వెంట్రుక తక్కువలో ఆపమను. ఆ చివరి వెంట్రుక నీది. హోనింగ్ రాళ్ళు తిరుగుతుంటే చెయ్యి పైకీ కిందకీ ఒకే లయలో పోవాలి, చంటిపిల్లని ఊపినట్టు. ఆగావంటే అక్కడ గుంట పడుతుంది. గోడ మీద గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ పడాలి. నూనె నిలిచేది వాటిలోనే. బోర్ మరీ నున్నగా ఉన్నా పనికిరాదు. పని చేసిన వెంటనే కొలవకు. వేడి మీద ఇనుము అబద్ధం చెప్తుంది. వెళ్ళి టీ తాగి, మీ అమ్మతో పోట్లాడి, అది చల్లారాక కొలువు.

మూడుసార్లు కడుగు.

మామయ్య


షెడ్డు,
ఎండ కాసిన మొదటి వారం

మామయ్యా,

అయిదుసార్లు కడిగాను. తెల్లగుడ్డ తెల్లగానే వచ్చింది. ఆ గుడ్డ అమ్మకి చూపిస్తే, "ఇంట్లో గిన్నెలు ఎప్పుడైనా ఇలా తోమావా?" అంది.

హోనింగ్‌కి ఒక రోజంతా పట్టింది. నాలుగు ఊపులు, ఆపడం, చల్లారనివ్వడం, కొలవడం. మళ్ళీ నాలుగు. సాయంత్రానికి ముల్లు సరిగ్గా అరవెంట్రుక దగ్గర నిలబడింది. బ్లాకుని వాకిట్లోకి తెచ్చి ఎండకి ఎత్తిపట్టి లోపలికి చూశాను. గీతలన్నీ వలలా మెరిశాయి. నువ్వు పక్కనుంటే చూపించేదాన్ని అనిపించి, ఆ వెంటనే నీకు కనబడదు కదా అని గుర్తొచ్చి, దించేశాను.

అంతా సాఫీగా సాగలేదు. బిగించే రోజున పిస్టన్ బాణంగుర్తు సైలెన్సర్ వైపు పెట్టాను. రింగుల నోళ్ళు మూడూ మూడు దిక్కులకి తిప్పాను. పిన్ను లాకులు కొత్తవి వేసి వేలితో తిప్పి చూశాను. నూనె రాసి, రింగులు వేళ్ళతో నొక్కిపట్టి బ్లాకు దింపుతుంటే టిక్కుమంది. చాలా చిన్న చప్పుడు. పైనుంచి చూస్తే ఏమీ తేడా లేదు. బ్లాకు దిగిపోయింది. డాక్టరమ్మ అక్కడే స్టూలు మీద కూచుని ఉంది, ఆవిడకి వినపడలేదు. నేను పది నిమిషాలు దాన్నే చూస్తూ నిలబడ్డాను. "ఏమ్మా?" అంటే, "రింగు విరిగిందండీ" అన్నాను. మళ్ళీ పైకెత్తాను. రెండో రింగు రెండు ముక్కలు. వేరే రింగు వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఈసారి రేకు పట్టీ బిగించి దింపాను. వెన్నలోకి దిగినట్టు దిగింది.

నిన్న పొద్దున నూనె పోసి, ప్లగ్గు లేకుండా కాసేపు తిప్పి, నూనె హెడ్డు దాకా ఎక్కిందని చూశాక ప్లగ్గు పెట్టాను. మొదటి కిక్కుకి లేదు. రెండోదానికి లేదు. నాలుగోదానికి పట్టింది. లేత్ మేస్త్రి, వెల్డింగ్ మేస్త్రి, అమ్మ, అందరూ గుమ్మంలో ఉన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ చెవులు అటే పెట్టి విన్నారు, అంతే.

ఇప్పుడు నీ సంగతి. డాక్టరమ్మ తన కాలు చూసిన ఆసుపత్రిలోనే కళ్ళ డాక్టరుతో మాట్లాడింది. నీది కంట్లో పొర అయితే తీసేస్తారట, ఒక్కో కన్నుకీ అరగంట పనట. ఏడాదిన్నరగా అరగంట పనికి భయపడి దాక్కున్నావు! రానని రాశావు కదా. నేను బతిమాలను. ఈ ఉత్తరం మాత్రం లారీలో పంపడం లేదు.

చిట్టి


పంపుహౌస్,
మధ్యాహ్నం

చిట్టీ,

పంపు కట్టేసి అన్నం తింటుంటే కొండ మలుపు కింద బండి చప్పుడు వినపడింది. కళ్ళు పోయాక చెవులు పదునెక్కాయిలే. ఒక సిలిండర్ ఇంజిన్, కొత్త పిస్టన్, తొందర లేకుండా ఎక్కుతోంది. ట్యాపెట్లు బిగువుగా ఉన్నాయి, క్యాం చప్పుడు చెయ్యడం లేదు, కింద బేరింగు మెత్తగా ఉంది. ఎవరు చేశారో గాని మంచి చెయ్యి అనుకున్నాను. ఆ తర్వాత తట్టింది ఎవరు చేశారో. ముద్ద పళ్ళెంలో వదిలేసి బయటికొచ్చాను.

తెల్లగా ఏదో ఆకారం దిగి, కర్ర టకటకలాడిస్తూ వచ్చింది.

"రోడ్డు మీదే వచ్చానండీ" అంది ముందుగానే. "స్పీడు నలభై దాటలేదు. గంటకోసారి దిగి ఇంజిన్ చల్లారనిచ్చా. అడుగున కూడా వంగి చూశా. ఆ పిల్ల ఒట్టు వేయించుకుంది."

నీ ఉత్తరం ఆవిడే చదివి వినిపించింది. రింగు విరిగిన చోట ఆవిడ చదవడం ఆపింది. "నాకు వినపడనే లేదండీ ఆ చప్పుడు. చెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు" అంది. నేను వెళ్ళి బ్లాకు మీద అరచెయ్యి పెట్టాను. చెయ్యి పెట్టనిచ్చేంత వేడే ఉంది, కాల్చేంత లేదు. నలభై ఏళ్ళలో నేను విరగ్గొట్టిన రింగులు బస్తాడుంటాయి. రెండు మూడుసార్లు టిక్కుమన్నది వినీ విననట్టు బిగించేశాను కూడా. ఆ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. నువ్వు మళ్ళీ పైకెత్తావు. ఇంక నీకు నేర్పాల్సింది నా దగ్గర లేదు.

"ఎక్కండి" అంది డాక్టరమ్మ. "ఎల్లుండి పొద్దున తొమ్మిదింటికి రమ్మన్నారు కళ్ళ డాక్టరు."

"ఉద్యోగం ఉందండీ" అన్నాను.

"మీటరు చూడకుండా అంకెలు వేసే ఉద్యోగమా?" అంది. నీ నోట్లో నువ్వుగింజ నానదు.

భయంగానే ఉంది చిట్టీ, దాచను. కంట్లో కత్తి అంటే ఎవరికి ఉండదు? కానీ మూడు నెలలుగా మోసిన భయం ముందు ఇదెంత? ఆవిడ పంపు గట్టు మీద కూచుని మంచినీళ్ళు తాగుతోంది. ఈలోగా ఇది రాస్తున్నాను. ఎందుకు రాస్తున్నానంటే, ఈ ఉత్తరం సాయంత్రం నేనే నీ చేతికిస్తాను. ఇందులో ఉన్నవేవీ నీ ఎదురుగా నిలబడి నోటితో చెప్పడం నా వల్ల కాదు. నువ్వు చదువుతున్నంతసేపూ నేను వాకిట్లో అటు తిరిగి నిలబడి ఉంటాను. చదవడం అయ్యాక పిలువు.

మామయ్య